పోల్ బ్రష్ సెట్‌కి పైపు కనెక్టర్లు: ఏ జాయింట్‌కి ఏది పెట్టాలి?

పొడవాటి పోల్, దాని చివర బ్రష్, బ్రష్‌లోంచి చిమ్మే శుద్ధమైన నీళ్లు. నిచ్చెన ఎక్కకుండా కిందే నిలబడి రెండో మూడో అంతస్తు అద్దాలు కడిగేయొచ్చు. బ్రిటన్‌లో ఇళ్ల కిటికీలు కడిగేవాళ్లకు ఇది రోజువారీ సామాను. మన దగ్గర గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు ఆఫీసు అద్దాలకు, షోరూములకు, డాబా మీద సోలార్ ప్యానెళ్లకు కూడా ఇదే వాడుతున్నారు. సెట్ కొన్నాక మొదటి తలనొప్పి పైపులు కలిపే దగ్గర మొదలవుతుంది. పెట్టెలో ఒక రకం కనెక్టర్ వస్తుంది, ఇంట్లో కుళాయికి ఇంకో రకం కావాలి, షాపులో అడిగితే మూడో రకం చేతిలో పెడతారు.

నా మాట ముందే చెప్పేస్తాను. సెట్ మొత్తానికి ఒకే రకం కనెక్టర్ కోసం వెతకొద్దు. రోజూ విప్పి పెట్టే జాయింట్‌కి ఒకటి, ఒకసారి బిగించి వదిలేసే జాయింట్‌కి ఇంకొకటి, పోల్ లోపల దూరే సన్న పైపుకి మరొకటి. ఇలా విడదీసి చూస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

## కొనేముందు చూసుకోవాల్సినవి

పైపు కొలత. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. పైపు లోపలికి దూరే నిపుల్‌కి లోపలి వ్యాసం కావాలి. పైపును తనలోకి తీసుకునే పుష్ ఫిట్టింగ్‌కి బయటి వ్యాసం కావాలి. తోట పైపును "హాఫ్ ఇంచ్" అంటే అది లోపలి కొలత, అంటే సుమారు 12.5 మి.మీ. పోల్‌లో వచ్చే పీయూ (పాలీయురేథేన్ ప్లాస్టిక్) పైపును "8 మి.మీ." అంటే అది బయటి కొలత, లోపల 5 మి.మీ. గానీ 5.5 మి.మీ. గానీ ఉంటుంది. రెండింటినీ ఒకే లెక్కలో అడిగితే షాపువాడి తప్పేమీ లేదు.

ఎన్నిసార్లు విప్పుతారు. కుళాయి దగ్గర, పోల్ అడుగున ఉండే జాయింట్లు రోజూ విప్పాలి. పైపు చుట్టే రీల్ లోపలిది, ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లేది ఏడాదికోసారి కూడా ముట్టుకోనక్కర్లేదు.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోంది. నీటికి పది మీటర్ల ఎత్తుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. రెండంతస్తుల ఇంటి మీద ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చేది ఒక బార్ లోపే. అందులోంచి బ్రష్ ఎత్తు తీసేయాలి. బ్రష్ ట్యాంకు నీటిమట్టం దాటి పైకి వెళ్తే చుక్క రాదు, ఎంత మంచి కనెక్టర్ పెట్టినా సరే. అదే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు అయితే చాలావాటికి 100 పీఎస్ఐ దగ్గర ఆగే స్విచ్ ఉంటుంది, అంటే దాదాపు 7 బార్. ట్యాంకు ఒత్తిడికి నిశ్చింతగా నిలబడిన ప్లాస్టిక్ కనెక్టర్ పంపు తగలగానే చేతిలోంచి ఎగిరిపోతే ఆశ్చర్యం లేదు.

పనిలో పనిగా ఒక అపోహ. "కనెక్టర్ లోపలి రంధ్రం చిన్నది, అందుకే నీళ్లు తక్కువ వస్తున్నాయి" అని చాలామంది దాన్నే తిడతారు. నిజంగా ఒత్తిడిని తినేది పైపు పొడవు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 100 మీటర్ల పైపులో నీళ్లు పంపితే, లోపల 6 మి.మీ. ఉన్న సన్న పైపులో సుమారు 4 బార్ పోతుంది. 8 మి.మీ. పైపులో దాదాపు ఒక బార్. హాఫ్ ఇంచ్ పైపులో 0.1 బార్‌కి కాస్త పైన. ఇంచు పొడవున్న కనెక్టర్‌లో 5 మి.మీ. దారి వల్ల పోయేది వీటి ముందు లెక్కలోకి రాదు. వాల్వు ఉన్న కనెక్టర్లు వరుసగా నాలుగైదు పెట్టి, ట్యాంకు ఒత్తిడితో నడిపితే మాత్రం తేడా కనిపిస్తుంది.

నీళ్ల రకం. మరకలు పడకుండా ఆరాలంటే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 10 పీపీఎం లోపు ఉండాలని ఈ పని చేసేవాళ్ల లెక్క. అందుకే ఆర్ఓ ఫిల్టర్, దాని వెనక మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్. ఖనిజాలు తీసేసిన ఈ నీళ్లు ఇత్తడి నుంచి కొద్దికొద్దిగా లోహాన్ని లాగుతాయి. పారుతున్నప్పుడు ఇబ్బంది లేదు. రాత్రంతా పైపులో నిలిస్తే పొద్దున్నే మొదట వచ్చే నీళ్లు కిందికి వదిలేసి మొదలుపెట్టండి. నీళ్లు రోజుల తరబడి నిలిచే ట్యాంకుకు మాత్రం ప్లాస్టిక్ గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ పెట్టుకోవడం మేలు.

## ఉన్న రకాలు

### ప్లాస్టిక్ క్లిక్ కనెక్టర్

తోట పైపులకు వాడే పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగు కనెక్టర్లు ఇవే. జర్మనీ కంపెనీ గార్డెనా 1968లో ఈ క్లిక్ పద్ధతి తెచ్చింది. ఆ కొలతనే మిగతావాళ్లూ పట్టుకోవడంతో ఇప్పుడు ఒక కంపెనీ మగ ముక్క ఇంకో కంపెనీ ఆడ ముక్కలో చాలావరకు కూర్చుంటుంది. ఏ ఊళ్లోనైనా దొరకడం, ధర తక్కువ కావడం, తడి చేత్తో కూడా విప్పగలగడం దీని బలాలు.

లోపాలు కూడా కళ్లముందే ఉంటాయి. మన ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారి, లోపల పట్టుకునే పళ్లు విరుగుతాయి. దాని లావు వల్ల గోడ మూలల్లో, మెట్ల అంచున, కారు టైరు కింద చిక్కుకుంటుంది. మీరు పోల్ పట్టుకుని ముందుకు నడుస్తుంటే వెనక పైపు బిగుసుకుని, బయటి కాలరు వెనక్కి జరిగి ఊడిపోతుంది. ఊడిన ముక్క మట్టిలో పడుతుంది. దాన్ని తుడవకుండా మళ్లీ తగిలిస్తే ఆ ఇసుక రేణువు నేరుగా బ్రష్ జెట్ దగ్గరికి వెళ్తుంది. జెట్ రంధ్రం చాలా సన్నది. తర్వాత సూది పెట్టి పొడుచుకోవాల్సిందే. అందుకే తగిలించే ముందు మగ ముక్క మీద కాసిన్ని నీళ్లు పోయడం అలవాటు చేసుకోండి.

ఇందులో రెండు రకాలున్నాయి. మామూలుది విప్పగానే నీళ్లు చిమ్ముతాయి. వాటర్ స్టాప్ ఉన్నది విప్పగానే మూసుకుంటుంది. నీళ్లు వచ్చే వైపు ఆడ ముక్క వాటర్ స్టాప్‌ది పెట్టుకుంటే పోల్ మార్చడానికి కుళాయి దాకా నడవక్కర్లేదు. చిక్కేమిటంటే, లోపల ఒత్తిడి నిలిచిపోయి మళ్లీ తగిలించేటప్పుడు ఎంత నొక్కినా దిగదు. నీళ్లు ఆపి, పోల్ వాల్వు తెరిచి ఒత్తిడి వదిలేశాక విప్పితే ఈ గొడవ తగ్గుతుంది.

### ఇత్తడి క్విక్ కప్లర్

ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పోల్ అడుగున ఎక్కువగా పెట్టుకునేది ఇదే. రెక్టస్ కంపెనీ 21 సిరీస్ పేరు మీద దీన్ని రెక్టస్ 21 తరహా అంటారు. వేలంత సన్నగా ఉంటుంది, లోపలి దారి 5 మి.మీ., కాలరు వెనక్కి లాగితేనే వదులుతుంది. నేలమీద ఈడ్చినా, పైపును గట్టిగా లాగినా సాధారణంగా ఊడదు. సన్న పైపుకు ఇంతకంటే నమ్మకమైనది నాకు కనిపించలేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కంప్రెసర్ గాలి పైపులకు వాడే కప్లర్లు చూడ్డానికి ఇలాగే ఉంటాయి, ధర కూడా తక్కువ. కానీ చాలావాటిలో స్ప్రింగ్, బాడీ పూత పూసిన ఇనుము. నీళ్లు తగిలితే తుప్పు పట్టి, ఎర్రటి చారలు శుద్ధమైన నీళ్లతో కలిసి అద్దం మీదికి దిగుతాయి. బాడీ ఇత్తడి, స్ప్రింగ్ స్టెయిన్‌లెస్ అని చెప్పి అడగండి. ఆడ, మగ రెండూ ఒకే సిరీస్‌వి తీసుకోండి. కాస్త తేడా ఉన్నా తగులుతాయి, నిలబడవు.

లోహం కాబట్టి గ్రానైట్ మెట్టు మీద, అద్దం అంచున తగిలితే గీత పడుతుంది. కప్లర్ మీద పాత పైపు ముక్కను తొడుగులా చుడితే చాలు. కాలరు కదలడానికి చోటు వదలండి.

### పుష్ ఫిట్టింగ్

ఇంట్లో ఆర్ఓ వాటర్ ప్యూరిఫయర్ మూత తీసి చూస్తే కనిపించే తెల్ల జాయింట్లు ఈ జాతివే. పైపు లోపలికి నెడితే స్టీలు పళ్లు పట్టుకుంటాయి, ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) నీళ్లు ఆపుతుంది. విప్పాలంటే చివరనున్న రింగును నొక్కిపెట్టి పైపు లాగాలి. పనిముట్లు అక్కర్లేదు.

పోల్ లోపలి 8 మి.మీ. పీయూ పైపుకు ఇది చక్కగా సరిపోతుంది. బ్రష్ దగ్గర నీళ్లను రెండు జెట్లకు పంచే వై ముక్క ఎక్కువగా ఇదే రకం. పోల్ మార్చాలంటే కనెక్టర్ విప్పి, పైపును లోపలినుంచి లాగేసి ఇంకో పోల్‌లో దూర్చుకోవచ్చు.

అంగుళాల కొలతా మిల్లీమీటర్ల కొలతా కలిస్తే చూసుకోవాలి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., కాబట్టి 8 మి.మీ. ఫిట్టింగ్‌లో నడిచిపోతుంది. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., అది 6 మి.మీ. ఫిట్టింగ్‌లో దూరదు. ఆర్ఓ సర్వీసు షాపులో దొరికేది ఎక్కువగా పావు అంగుళం. 8 మి.మీ. కావాలంటే న్యూమాటిక్ సామాను, అంటే గాలి ఒత్తిడితో నడిచే యంత్రాల సామాను అమ్మే షాపుకు వెళ్లాలి. సికింద్రాబాద్‌లో అయితే రాణిగంజ్.

మెత్తటి తోట పైపుకు పుష్ ఫిట్టింగ్ పెట్టొద్దు. పళ్లు పట్టుకోవడానికి గట్టి, నున్నటి పైపు కావాలి. మెత్తటిది నలిగిపోయి పక్కనుంచి కారుతుంది.

### నిపుల్, క్లిప్పు

పైపులోకి గాట్లున్న నిపుల్ దూర్చి, బయట క్లిప్పు బిగించడం. ఎప్పటికీ విప్పనక్కర్లేని జాయింట్‌కి దీన్ని మించింది లేదు. డ్రమ్ములోంచి పంపు నీళ్లు లాక్కునే వైపు మాత్రం నేను ఇదొక్కటే ఒప్పుకుంటాను. అక్కడ కనెక్టర్ కాస్త వదులైతే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. కింద తడి ఉండదు కాబట్టి లోపం ఎక్కడుందో కనిపించదు. పంపు దడదడలాడుతుంది, బ్రష్ దగ్గర నీళ్లు తుంపర తుంపరగా వస్తాయి, అందరూ పంపు పోయిందనుకుంటారు.

క్లిప్పుల్లో స్క్రూతో బిగించేది అందరికీ తెలిసిందే. 1921లో బ్రిటిష్ నౌకాదళ మాజీ అధికారి లమ్లీ రాబిన్సన్ పేటెంట్ తీసుకున్న జుబిలీ క్లిప్పు అదే. మళ్లీ విప్పి వాడుకోవచ్చు. కానీ బయటికి పొడుచుకొచ్చే తోక, స్క్రూ తల పోల్ సంచినీ చేతినీ గీరుతాయి. చెవి క్లిప్పును ప్లయర్‌తో నొక్కేస్తే నున్నగా కూర్చుంటుంది, విప్పాలంటే కత్తిరించాల్సిందే. రీల్ లోపల, ట్రాలీ మీద స్క్రూ క్లిప్పు. నేలమీద ఈడ్చే పైపుకు చెవి క్లిప్పు.

### మర జాయింట్

కుళాయికి, ఫిల్టర్ హౌసింగ్‌కి తప్పదు. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ నడిచేది బీఎస్‌పీ (బ్రిటిష్ స్టాండర్డ్ పైపు) మర. వాషింగ్ మెషిన్ కుళాయి బయటి మర ముప్పావు ఇంచ్ బీఎస్‌పీ కాబట్టి ముప్పావు ఇంచ్ క్లిక్ అడాప్టర్ దాని మీద నేరుగా ఎక్కుతుంది. ఇంట్లో పనికి ఇంతకంటే తేలిక దారి లేదు. లోపల రబ్బరు వాషర్ ఉన్నచోట టెఫ్లాన్ టేపు అక్కర్లేదు, నీళ్లు ఆపేది వాషరే. వాషర్ లేని మరకే టేపు చుట్టాలి.

## ఒక్క చూపులో

| రకం | బాగా కుదిరే చోటు | పంపు ఒత్తిడికి | రోజూ విప్పడానికి | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| ప్లాస్టిక్ క్లిక్ | కుళాయి, హాఫ్ ఇంచ్ పైపు | ఫర్వాలేదు, లాగితే ఊడుతుంది | చాలా తేలిక | ఎండకు పెళుసుబారుతుంది |
| ఇత్తడి క్విక్ కప్లర్ | సన్న పైపు, పోల్ అడుగు | గట్టిది | తేలిక | ధర, గీతలు |
| పుష్ ఫిట్టింగ్ | పోల్ లోపల, బ్రష్ దగ్గర | గట్టిది, కొలత సరిపోతే | వద్దు, అప్పుడప్పుడూ అయితే సరే | మెత్తటి పైపుకు పనికిరాదు |
| నిపుల్, క్లిప్పు | రీల్, పంపు, ట్రాలీ | గట్టిది | కుదరదు | మార్చాలంటే శ్రమ |
| మర | కుళాయి, ఫిల్టర్ | గట్టిది | విసుగు | మర కొలతలు కలవకపోవడం |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

సొంత ఇంటి అద్దాలు, డాబా మీద నాలుగైదు ప్యానెళ్లు ఉన్నవాళ్లు. ఇత్తడి కప్లర్ల జోలికి పోనక్కర్లేదు. కుళాయి నుంచి పోల్ దాకా హాఫ్ ఇంచ్ పైపు, రెండు చివర్లా మంచి క్లిక్ కనెక్టర్లు చాలు. పంపు లేకపోతే సన్న పైపు అస్సలు కొనొద్దు, ఉన్న కాస్త ఒత్తిడీ పైపులోనే ఆవిరవుతుంది. వాటర్ స్టాప్ ఒక్కచోట పెట్టుకోండి, అన్నిచోట్లా వద్దు. పని అయ్యాక కనెక్టర్లు నీడలో పెడితే ఇంకొన్నాళ్లు మన్నుతాయి.

ట్రాలీ, పంపు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఒంటరి పనివాళ్లు. మీ డబ్బు పెట్టాల్సింది పోల్ అడుగున ఉన్న జాయింట్ మీద. రీల్ మీద లోపల 8 మి.మీ. పైపు, దాని చివర ఇత్తడి కప్లర్, పోల్ వైపు మగ ముక్క. ప్రతి పోల్‌కీ అదే మగ ముక్క బిగించుకుంటే ఏ పోల్ అయినా ఏ పైపుకైనా తగులుతుంది. మిగతావన్నీ క్లిప్పులే. 6 మి.మీ. పైపు తేలిగ్గా ఉంటుంది, భుజం నొప్పి తగ్గుతుంది, నిజమే. అయితే సన్న పైపులో పోయే ఒత్తిడి భారం బ్యాటరీ మీద పడుతుంది.

నలుగురైదుగురు సిబ్బంది ఉన్న క్లీనింగ్ కంపెనీలు. ఇక్కడ ఏది మంచిదన్న ప్రశ్న కంటే అందరి దగ్గరా ఒకటే ఉందా అన్నది ముఖ్యం. ఒక టీమ్ దగ్గర క్లిక్, ఇంకో టీమ్ దగ్గర కప్లర్ ఉంటే సైటు మీద ఒకరి పైపు ఇంకొకరికి పనికిరాదు. రకం ఒకటి తేల్చుకుని, ఆడ ముక్క ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపే ఉండాలని నియమం పెట్టండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు. అక్కడ తోట పైపు మర ముప్పావు ఇంచే అయినా అంగుళానికి 11.5 చుట్లు. బీఎస్‌పీకి 14. బ్రిటన్ నుంచి తెప్పించిన సెట్ కుళాయికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే అది సరిపోయినట్టు కాదు. ఇంకా తిప్పితే మర పోతుంది. రెండు మరలనూ కలిపే అడాప్టర్ కొనుక్కోండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు మర గొడవ లేదు కానీ చలి ఉంది. రాత్రి వ్యాన్‌లో నీళ్లు గడ్డకడితే ప్లాస్టిక్ కనెక్టర్ నిట్టనిలువునా చీలుతుంది. శీతాకాలంలో పైపులు ఖాళీ చేసి పెట్టాలి.

## బిగించే పద్ధతి

పైపును కత్తెరతో కోయొద్దు, ఏటవాలుగా తెగుతుంది. పదునైన బ్లేడుతో గానీ పైపు కట్టర్‌తో గానీ తిన్నగా కోయండి. పుష్ ఫిట్టింగ్‌కి ఇది మరీ ముఖ్యం. పైపు చివర ఇంచు మేర గీతలుంటే ఆ ముక్క కోసేయండి, ఓ-రింగ్ గీత మీద కూర్చుంటే నీళ్లు ఆగవు. ఫిట్టింగ్ ఎంత లోతు ఉందో పైపు మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని, గుర్తు మాయమయ్యేదాకా నెట్టండి. మొదట ఒకచోట ఆగినట్టనిపిస్తుంది, అది పళ్లు తగిలిన చోటు. ఇంకా నెడితే ఓ-రింగ్ దాటి లోపలికి దిగుతుంది. నెట్టాక ఒకసారి వెనక్కి లాగి చూడండి.

నిపుల్‌కి పైపు ఎక్కకపోతే చివరను వేడినీళ్లలో కాసేపు ముంచండి, మెత్తబడుతుంది. లైటర్‌తో కాల్చడం మన దగ్గర మామూలే, కానీ పైపు ఒక పక్క పలచబడి నెల తిరక్కముందే అక్కడే చిట్లుతుంది. పైపు నిపుల్ భుజం దాకా పూర్తిగా దిగాలి. క్లిప్పు పైపు అంచు మీద కాకుండా కాస్త వెనక, గాట్ల మీద పడాలి. పైపు ఎక్కించడానికి ముందే క్లిప్పు తొడుక్కోవడం మర్చిపోకండి. క్లిప్పు గీతల్లోంచి పైపు కొంచెం ఉబ్బేదాకా బిగించి ఆపండి, అంతకంటే ఎక్కువైతే పైపును కోసేస్తుంది. మర్నాడు ఇంకో పావు చుట్టు తిప్పండి, ప్లాస్టిక్ సర్దుకుని వదులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ ఒకసారి చూసుకోండి. ఎండలో పడున్న పైపు మెత్తబడి, పంపు ఆగి ఉన్నప్పటి పూర్తి ఒత్తిడికి నిపుల్ మీదనుంచి మెల్లగా జారుతుంది.

పరీక్షించేటప్పుడు పోల్ వాల్వు మూసి, పంపు దానంతటదే ఆగేదాకా నడపండి. కాసేపు చూడండి. ఎక్కడా తడి లేకపోయినా పంపు మధ్యమధ్యలో ఉలిక్కిపడి మొదలవుతుంటే ఏదో జాయింట్ సన్నగా కారుతోంది. పొడి టిష్యూ కాగితం ఒక్కో జాయింట్ చుట్టూ తిప్పితే దొరుకుతుంది. లాక్కునే వైపు లీకు మాత్రం ఇలా దొరకదు. అక్కడ ప్రతి జాయింట్‌నూ తడి గుడ్డతో గట్టిగా చుట్టి పట్టుకుని చూడండి, ఏది పట్టుకున్నప్పుడు పంపు శబ్దం నెమ్మదిస్తే లోపం అక్కడుంది.

ఓ-రింగ్ బిగుసుకుంటే సిలికాన్ గ్రీజు చుక్కంత రాయండి. చేతికందిందని కొబ్బరినూనో, ఇంజిన్ ఆయిలో రాస్తే ఆ జిడ్డు నీళ్లతో పాటు అద్దమెక్కి చారలు కడుతుంది, తప్పు మాత్రం ఫిల్టర్ మీద పడుతుంది. షాపుకు వెళ్లేటప్పుడు కొలత నోటితో చెప్పకుండా మీ పైపులోంచి రెండంగుళాల ముక్క కోసి జేబులో వేసుకెళ్లండి. కనెక్టర్లు అక్కడే దానికి తగిలించి చూసి, సరిపోయే ఓ-రింగులు అరడజను అప్పుడే కొనుక్కోండి.